మైకెక్కిన మనవి

పెళ్ళికో చావుకో కోడలి పురుడుకో తప్ప ఇల్లు కదలని విక్టోరియా, ఒకరోజు పొద్దున్నే మొగుడికి కాఫీ గ్లాసు అందిస్తూ మూడు రోజులు సెలవు అడిగింది.

"మూడ్రోజులా? ఎవరింటికే?" అన్నాడు ప్రసాదరావు.

"ఎవరింటికీ కాదండీ. ఒక్కదాన్నే కూర్చుని ప్రార్థన చేసుకుంటాను. రైలెక్కి గూడెం వెళ్తే, ఆ ఊరవతల ప్రార్థనాలయం ఉందంట. వెనకాల గదులిస్తారంట."

"దేవుడు మనూళ్ళో లేడా?"

"ఉన్నాడండీ. నేనే లేను. పొద్దున్న మీరు, పగలు షెడ్డు, సాయంత్రం మళ్ళీ మీరు. నేనెప్పుడున్నాను?"

ప్రసాదరావు కాఫీ ఊదుకున్నాడు. చెడ్డవాడు కాదు. బియ్యం ఎన్ని పొయ్యాలో తెలియని మనిషి, అంతే. "పప్పు ఎక్కడుంటదో చూపించి వెళ్ళు మరి," అన్నాడు చివరికి.

అది సెలవు ఇచ్చినట్టే.

విక్టోరియాది కొల్లేరు ఒడ్డున రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. తెల్లవారకముందే లోడు దిగుతుంది. ఐసు నీళ్ళలో నాని నాని ఆమె వేళ్ళ చివర్లు ఎంత అరిగిపోయాయంటే, రేషను కొట్టులో వేలిముద్ర పడక ప్రతి నెలా తగువే. కానీ ఊళ్ళో ఆమెకి పేరు వచ్చింది రొయ్యల వల్ల కాదు. పసిబిడ్డకి జ్వరం కాసినా, ఆయాసం వచ్చినా తల్లులు ముందు ఆమె గడపకే తెచ్చేవారు. ఆమె అరిగిన చెయ్యి బిడ్డ రొమ్ము మీద పెట్టి, కళ్ళు మూసుకుని, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు దేవుడితో మాట్లాడేది. "చూడు నాయనా, ఇంత చిన్న గుండె. దీనితో నీకేం పని? వదిలిపెట్టు," అనేది. సంఘం వాళ్ళే కాదు, కొల్లేటి లంకల్లోంచి చేపలవాళ్ళ ఆడవాళ్ళు కూడా బొట్టు పెట్టుకునే వచ్చి కూర్చునేవారు. ఆస్పత్రికి తరవాత వెళ్ళేవారు.

ఏడాది కిందట దేవుడితో ఆ మాట పోయింది. కష్టమొచ్చి పోలేదు, ఎవరో చచ్చిపోయినందుకూ పోలేదు. ఊరికే పోయింది. నోరు ఆడుతోంది. అలవాటైన మాటలన్నీ వరసగా వస్తున్నాయి. కానీ అవతల ఫోను మోగుతూనే ఉండి ఎవరూ ఎత్తనట్టుంది. తల్లులు వస్తూనే ఉన్నారు. ఆమె చెయ్యి పెడుతూనే ఉంది. వాళ్ళు కళ్ళొత్తుకుని వెళ్ళాక ఆ చేతిని చూసుకుని సిగ్గుపడేది.

అందుకే మూడు రోజులు. ఎవరికోసమూ అడగకుండా, ఎవరూ వినకుండా కూర్చుని, ఉన్నావా లేవా అని ఆయన్ని మొహం మీదే అడగాలని.

ఈ సంగతి ఒక్క ప్రభావతికే చెప్పింది. ప్రభావతి వాళ్ళ చర్చిలో స్త్రీల సమాజం పెద్ద. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే ఇద్దరూ వదినా అంటే వదినా అనుకున్నారు. గుళ్ళో ఇద్దరిదీ ఒకే చాప. విక్టోరియా షెడ్డు నుంచి ఆలస్యంగా వస్తే ప్రభావతి తన సంచి పెట్టి చోటు ఆపేది. ఆమె ఒంట్లోంచి వచ్చే రొయ్యల వాసనకి మిగతావాళ్ళు ముక్కు చిట్లిస్తే, "ఇది కష్టం వాసన, పీల్చుకోండి," అని గదమాయించేది.

చెప్పిన రోజు ప్రభావతి ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది కూడా.

"నీ కడుపులోనే ఉంచుకో వదినా. ఆ తల్లులకి తెలిస్తే నా మొహం చూడరు," అంది విక్టోరియా.

"పిచ్చిదానా, నాకు చెప్పావా గోడకి చెప్పావా? మా చిన్నమ్మ కొడుకు అక్కడే వంట చేస్తాడు. గది మాట్లాడతాను. నువ్వు బట్టలు సర్దుకో."

సర్దుకోవడానికి పెద్దగా ఏమీ లేవు. రెండు చీరలు, దుప్పటి, బైబిలు, అటుకుల పొట్లం. ఫోను ఇంట్లోనే వదిలెయ్యాలనుకుంది. గదిలో కిటికీ ఎటువైపు ఉంటుందో అని పని చేస్తూ ఊహించుకుని నవ్వుకునేది. గోడకి ఆనుకుని కూర్చోవచ్చు. మోకాళ్ళు నొప్పెడితే కాళ్ళు చాపుకోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. పక్క బల్ల మీద తలలు తీసే సత్యవేణి ఆ నవ్వు పట్టేసింది.

"ఏంటక్కా, నీలో నువ్వే? కొత్త పెళ్ళికూతురిలా?"

"ఊరెళ్తన్నానే. మూడ్రోజులు నోరు మూసుకుని కూర్చుంటాను."

"ఆ మాత్రం దానికి గూడెం దాకా ఎందుకు? మా ఆయన చేపల చెరువు గట్టు మీద పాకుంది కదా. గూడబాతులు తప్ప పలకరించే నాథుడుండడు. మీ దేవుడు పలక్కపోతే చెప్పు, మా పెద్దింట్లమ్మతో సిఫారసు చేయిస్తాను."

"నోరు ముయ్యవే," అని విక్టోరియా ఒక రొయ్య తల ఆమె మీదికి విసిరింది. షెడ్డంతా నవ్వారు.

ఆ శుక్రవారం లోడు మీద లోడు వచ్చి ఉపవాస ప్రార్థనకి వెళ్ళలేకపోయింది, ఆదివారం గుడికీ అంతే. వెళ్ళి ఉంటే అక్కడే తెలిసేది.

సోమవారం సంచి పట్టుకుని ఆటో దిగి ఏలూరు స్టేషన్లోకి వెళ్ళేసరికి ప్లాట్‌ఫారం మీద తెల్లచీరల గుంపు కనిపించింది. ఎవరో చచ్చిపోయారేమో అనుకుంది. దగ్గరికి వెళ్తే అందరూ తెలిసినవాళ్ళే. స్త్రీల సమాజం. టిఫిను క్యారియర్లు, పులిహోర డబ్బాలు, ఒకామె భుజాన చిన్న స్పీకరు. మధ్యలో ప్రభావతి.

"వందనాలు వదినా! నిన్నొక్కదాన్నే వదిలేస్తామనుకున్నావా? సమాజమంతా నీతోనే ఉపవాసం!"

"ఉపవాసానికి పులిహోర ఎందుకు?" అంది విక్టోరియా.

"సాయంత్రం విడుస్తాం కదే!"

పాసింజరు వచ్చింది. ఎక్కించారు. కిటికీ దగ్గర కూర్చోబెట్టారు, జబ్బుమనిషిని కూర్చోబెట్టినట్టు. ఒకామె మంచినీళ్ళిచ్చింది. ఇంకొకామె తల నిమిరి, "పోయిన విశ్వాసం తిరిగొస్తాది తల్లీ, ఏడవకు," అంది. విక్టోరియా ఏడవడం లేదు. ఆ చేతి కింద తల అలాగే ఉంచి ప్రభావతి వైపు చూసింది. ప్రభావతి పాటల పుస్తకం తిరగేస్తోంది.

ఎదురు సీట్లో మానస కూర్చుంది, ఒళ్ళో కూతురు జాయ్సీతో. ఆ పిల్లకి ఆయాసం. పోయిన వారమే విక్టోరియా దాని రొమ్ము మీద చెయ్యి పెట్టింది. మానస చిన్నది, మనసులో మాట దాచుకోవడం రాదు.

"అక్కా, ఒకటడగనా? ఏమనుకోకు."

"అడుగమ్మా."

"శుక్రవారం ప్రభావతక్క మైకులో చెప్పింది, నీకు ఏడాదిగా ప్రార్థన రావట్లేదని, ఊరికే పెదాలు ఆడిస్తన్నావని. మరి మా పిల్లకి చేసింది కూడా అంతేనా?"

జాయ్సీ బిస్కెట్టు కొరుకుతోంది. విక్టోరియా నోరు తెరిచింది. అవునంటే ఆ తల్లి కడుపు కోసినట్టు. కాదంటే అబద్ధం. నోరు మూసుకుంది. మానస పిల్లని కొంచెం దగ్గరికి లాక్కుంది. కొంచెమే. కానీ విక్టోరియా చూసింది.

"వదినా," అంది ప్రభావతితో. "నీ కడుపులో ఉంచుకోమన్నాను."

"నేనెవరికైనా చాడీ చెప్పానా? దేవుడికి చెప్పాను. పదిమంది మోకాళ్ళూనితే తొందరగా వింటాడని మనవి పెట్టాను."

"దేవుడికి చెప్పడానికి మైకెందుకు వదినా?"

ఎవరో కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ప్రభావతి మొహం ఎర్రబడింది.

"నీ మంచి కోరి చేసినదానికి ఇదా? నీకు గర్వం, విక్టోరియా. అందరి గుట్లూ నీ గడపలోకి వస్తే బాగుందా? నీది ఒక్కటి బయటికొస్తే తప్పయిపోయిందా?"

వాళ్ళ సంఘంలో ఒకరి గుట్టు వీధిలో చెబితే చాడీ. అదే గుట్టు తలమీద కొంగు వేసుకుని, కళ్ళు మూసుకుని చెబితే ప్రార్థన మనవి. విక్టోరియా కూడా ఆ మనవులకి ఎన్నోసార్లు ఆమెన్ అంది. ఎవరి మొగుడు తాగొచ్చాడో, ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడిందో, అన్నీ అలాగే విన్నది. ప్రభావతికి తన గుట్టు చెప్పేముందు ఆ సంగతి ఆమెకి తట్టనే లేదు. ఆ రోజు ప్రభావతిలో ఆమె చూసింది వదిననే, మైకుని కాదు.

భీమడోలులో బండి ఆగింది. విక్టోరియా సంచి తీసుకుని లేచింది.

"ఎక్కడికే? గూడెం ఇంకా రాలేదు!"

"మీరెళ్ళండి. గది మాట్లాడారు కదా. నాకోసం ప్రార్థన చెయ్యండి," అని దిగిపోయింది. బండి కదులుతుంటే కిటికీలోంచి తెల్లచీరలన్నీ ఆమెనే చూస్తున్నాయి. ప్రభావతి ఒక్కతే అటు తిరిగి కూర్చుంది.

రెండు ఆటోలు మారి మధ్యాహ్నానికి సత్యవేణి ఇంటికి చేరింది.

"ఏంటక్కా, ప్రయాణం దారిలోనే అయిపోయిందా?"

"పాక ఖాళీయేనా?"

సత్యవేణి ఆమె మొహం చూసింది. ఇంకేమీ అడక్కుండా తాళం చెవి, ఒక చాప, కుండలో నీళ్ళు ఇచ్చింది. "మా ఆయన మేత వెయ్యడానికి వస్తాడు. మాట్లాడొద్దని చెప్తాను. మామూలుగానే మాట్లాడడులే," అంది.

గట్టు మీద ఆ పాకలో అనుకున్న గోడ లేదు, కిటికీ లేదు. తాటాకుల సందుల్లోంచి చెరువు, మేత సంచులు కట్టిన తాళ్ళు, దూరంగా గుర్రపుడెక్క, దాని మీద గూడబాతులు. విక్టోరియా మోకాళ్ళూనింది. దేవుడి మాట ఒక్కటి రాలేదు. వచ్చిందల్లా ప్రభావతి. చాప మీద ఆపిన చోటు, "కష్టం వాసన" అన్న మాట, చెయ్యి పట్టుకుని ఏడ్చిన ఏడుపు. ఆ ఏడుపు నిజమే. అదే ఎక్కువ మండింది. అబద్ధమైతే ఉమ్మేసి ఊరుకునేది.

సాయంత్రానికి గొంతు పెగిలింది. "చూశావా దాన్ని? నా నోట్లోంచి తీసి ఊరంతా పంచింది. నీ పేరు చెప్పే పంచింది. నువ్వెలా ఊరుకున్నావు? నేను నీకు చేసిన తక్కువేంటి?" అని కేకలేసింది. గూడబాతులు లేచిపోయాయి. మేత పడవలో ఉన్న సత్యవేణి మొగుడు బాలాజీ తలెత్తి చూసి, మళ్ళీ తన పని చేసుకున్నాడు.

బుధవారం తాళం చెవి తిరిగిస్తుంటే సత్యవేణి అడిగింది. "పలికాడా?"

"లేదే. మూడ్రోజులూ తిడతానే ఉన్నాను."

"ఎవర్ని? ఆవిడ్నా, ఆయన్నా?"

"ఇద్దర్నీ."

ఆదివారం గుళ్ళో ప్రభావతి మామూలుగానే సంచి పెట్టి చోటు ఆపింది. "వందనాలు వదినా," అంది, ఏమీ జరగనట్టు. విక్టోరియా ఆ చాప దాటుకుని వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచే గుమ్మం దగ్గర కూర్చుంది.

సాక్ష్యాల వేళ ప్రభావతే మైకు పట్టుకుని లేచింది. "ఏకాంతానికి వెళ్ళొచ్చిన మన సహోదరి విక్టోరియా, దేవుడు తనతో ఏం మాట్లాడాడో చెప్తాది." మైకు చేతులు మారుతూ గుమ్మం దాకా వచ్చింది. విక్టోరియా అందుకుంది.

"ఆయనకీ నాకూ మాటా మాటా అయ్యిందండీ. ఏమన్నానో ఇక్కడ చెప్పను," అని మైకు పక్కామెకి ఇచ్చేసింది.

గుడి వదిలాక మానస జాయ్సీని ఎత్తుకుని గుమ్మం వైపు వచ్చింది. పిల్లకి మళ్ళీ ఆయాసం, రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. విక్టోరియాకి తెలియకుండానే చెయ్యి ముందుకి వెళ్ళింది. మానస ఆగింది. తల దించుకుని, వెనక్కి తిరిగి, పిల్లని తీసుకెళ్ళి ప్రభావతి ముందు కూర్చుంది. ప్రభావతి గట్టిగా, రాగం తీసి ప్రార్థన మొదలుపెట్టింది.

విక్టోరియా చెయ్యి వెనక్కి తీసుకుంది. చెప్పులు వేసుకుంటూ అక్కడే ఆగిపోయింది. కొంగు కూడా తలమీదకి తీసుకోలేదు.

"నామీద కోపముంటే నామీద చూపించు," అంది ఆయనతో లోపల్లోపల, పెదాలు కదలకుండా. "ఇంత చిన్న గుండె. దీన్ని మధ్యలోకి లాగకు. వదిలిపెట్టు."

ఎవరూ అడగలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు. అటు చూడకుండానే మెట్లు దిగి, ఎండలో ఇంటికి నడిచింది.