మా ఇంట్లో అద్దెకున్న పోర్చుగల్ స్ట్రైకర్

నా చిన్నప్పుడు సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు ఇచ్చేవాళ్లం. ఒక ఏడాది ఆ గదిలో పోర్చుగల్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ స్ట్రైకర్ దిగాడు. మా పేట దగ్గరి క్లబ్బు అతణ్ని తెచ్చుకుంది. పొట్టిగా ఉన్నాడని చిన్నతనంలోనే వాళ్ల ఊరి పెద్ద క్లబ్బు పంపేసిందట. పగలు బేకరీలో పనిచేస్తూ చిన్నాచితకా జట్లకు ఆడి, రెండుసార్లు మోకాలికి ఆపరేషన్ చేయించుకుని, దేశాలు పట్టుకు తిరిగి మా దాకా వచ్చాడు. ఇవన్నీ అన్నం తింటూ వచ్చీరాని ఇంగ్లీషులో, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పేవాడు.

ఆ సీజన్‌లో అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. చివరి మ్యాచ్‌లోనూ కొట్టకపోతే ఇంటికి పంపేస్తామని క్లబ్బువాళ్లు చెప్పేశారు. మలేషియాలో పుట్టి పెరిగినా, మా నాన్నమ్మ దసరాకు కుట్టుమిషనుకూ కత్తిపీటకూ బొట్టు పెట్టడం మానలేదు. మ్యాచ్ రోజు పొద్దున్నే అతని తెల్లబూట్లకు పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. నాన్న తల పట్టుకున్నాడు. అతను మాత్రం తుడవకుండానే వేసుకెళ్లాడు.

ఆట సగంలో పెనాల్టీ దొరికింది. అతను తన్నిన బంతిని కీపర్ పట్టేశాడు.

"బూట్లకి కర్రీ అంటించుకుని వచ్చాడు. ఇంటికి పో లా, అంకుల్," అన్నారెవరో మా వెనక వరసలో, సింగపూర్ యాసలో. నాన్నమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది.

ఎవరికీ గోల్ లేకుండానే ఆట చివరికొచ్చింది. అప్పుడు మళ్లీ పెనాల్టీ. జట్టులోని కుర్రాడొకడు బంతి అందుకున్నాడు. మావాడు నెమ్మదిగా వెళ్లి అతని చేతుల్లోంచి దాన్ని తీసుకున్నాడు.

"మళ్లీ వీడే ఎందుకమ్మా? ఆ పిల్లాడికి వదిలేస్తే పోయేదిగా," అంటూ నాన్నమ్మ కళ్లు మూసుకుంది.

తన్నాడు. కీపర్ మళ్లీ ఆపాడు. స్టేడియం అంతా ఉస్సూరుమంది. కానీ తన్నిన కాలు నేలకు ఆనీ ఆనకముందే అతను పరుగందుకున్నాడు. కీపర్ చేతికి తగిలి వెనక్కి దొర్లిన బంతిని, మిగతావాళ్లు తేరుకునేలోపు వలలోకి తోసేశాడు.

క్లబ్బు అతణ్ని మరో ఏడాది ఉంచుకుంది. కీపర్ ఆపుతాడని ముందే తెలుసా అని మ్యాచ్ మర్నాడు భోజనాల దగ్గర అడిగాను. తెలియదన్నాడు.

"గోల్ పడిందో లేదో చూడటం టికెట్ కొన్నవాళ్ల పని. నేనూ నిలబడి చూస్తే ఎలా?"

చాలా ఏళ్ల తర్వాత నా ఉద్యోగం పోయింది. మర్నాడు ఇంట్లోవాళ్లు నా ముఖంలోకి చూడటానికి జంకుతుంటే, నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని, టోవా పాయోలో తెలిసినాయన ఆఫీసుకు ట్రైనెక్కాను. అక్కడ ఖాళీ ఉందో లేదో తెలియదు. ఇప్పటికీ ఏదైనా చేజారితే ముందు నా కాళ్లు కదులుతాయి. దిగులు ఆ వెనకే వస్తుంది.