కొబ్బరి చిప్పలో కాపురం

మొన్న నర్సీపట్నంలో కొత్త రంగుచేపల కొట్టులోకి అడుగుపెట్టగానే తడి నాచు వాసన నన్ను పట్టి నిలబెట్టేసింది. ఒక గాజు తొట్టిలో క్రిబ్‌లు రెండు, సిక్లిడ్ జాతి చేపల్లో వేలెడంత ఉండే పొట్టి రకం, చెరో మూలా బిక్కచచ్చి ఉన్నాయి. పైన "జత" అని చీటీ. జతట! ఎవరు కట్టారండీ ఆ జత? కొట్టువాడి చేతి వలా? ఒళ్ళు మండిపోయింది. ఆనందరావు గారే ఉంటే ఆ చీటీ పీకి పారేసేవారు.

ఎనభైల మొదట్లో ఆయన మా ఊళ్ళో ఫొటో స్టూడియో నడిపేవారు. నేను ఆయన దగ్గర ఫొటోలు కడిగేవాణ్ణి. బడి నాకు ఐదో క్లాసుతో సరి. మిగిలిన చదువంతా ఆ డార్క్‌రూమ్‌లోనూ, ముందు గదిలోని ఆయన అక్వేరియం దగ్గరా సాగింది. కలకత్తా స్నేహితుడి చేత ఆయన ఆరు క్రిబ్ పిల్లల్ని తెప్పించారు.

"రెండు సాలవాండీ?" అన్నాను.

"రెండు తెస్తే మనం కట్టబెట్టినట్టవుతాదిరా. ఆరుంటే అవే ఎంచుకుంటాయి."

పెళ్ళిచూపుల ఫొటోకి కూతుర్ని తీసుకొచ్చిన మాకవరపాలెం పెద్దాయన ఈ మాట విని, "సేపలకున్న సుకం మా పిల్లకి లేదు గదండీ బాబూ!" అని పకపకా నవ్వాడు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

కొన్ని నెలలకు ఒక ఆడచేప పొట్ట దానిమ్మ గింజలా ఎర్రబడింది. ఒక మగచేప ముందు ఒళ్ళు విల్లులా వంచి వణికింది. రెండూ కలిసి మిగతావాటిని తరుముతుంటే ఆ నాలుగింటినీ వేరే తొట్టికి మార్చాం. బోర్లించిన కొబ్బరి చిప్పలో ఆడది గుడ్లు పెట్టి లోపలే ఉంది. మగది బయట కాపలా కాసింది. ఫొటోకి వచ్చినవాళ్ళ పిల్లలు తొట్టి అద్దం బాదారు. బెదిరిన తల్లి గుడ్లన్నీ తినేసింది. రెండోసారీ అదే జరిగింది.

"తల్లేనా ఇది!" అని తిట్టాను.

"దాన్నెందుకురా తిడతావు? కాపాడలేననుకున్నాది, తినేసింది. బెదరగొట్టింది మనవే."

మూడోసారి గుడ్లు పెట్టగానే ఆయన తొట్టికి దుప్పటి చుట్టి, ముందు గది మూసేశారు. వచ్చినవాళ్ళను పెరటి దారిన రమ్మనేవారు. సరిగ్గా అప్పుడే యలమంచిలి కాంట్రాక్టరొకాయన పెళ్ళివారందరితో దిగాడు. అక్వేరియం ముందే గ్రూపు ఫొటో కావాలన్నాడు, అదీ ఫ్లాష్‌తో.

"గుడ్లమీదున్నాదండీ. పెరట్లో బేగి తీసేస్తాను."

"ఏటండీ, సేప పురుడోసుకుంటే మా పెళ్ళాపీమంటారేటి?"

"పెళ్ళి కాదండీ, ఫ్లాషాపమంటన్నాను."

వాళ్ళు విసవిసా వేరే స్టూడియోకి పోయారు. ఆ పెళ్ళి పనంతా పోయింది. నేను మండిపడ్డాను. ఆయన నెమ్మదిగా, "ఇంకో పెళ్ళి వస్తాదిరా. మూడోసారి కూడా దీనికి మనవే అడ్డమైతే ఎలా?" అన్నారు.

కొద్ది రోజుల తర్వాత దుప్పటి అంచు ఎత్తి నన్ను పిలిచారు. తల్లి వెంట ఆవగింజలంత పిల్లలు చిన్న మబ్బులా కదులుతున్నాయి. ఒకటి దారి తప్పితే తండ్రి దాన్ని నోట కరుచుకొచ్చి గుంపులో వదిలింది. ఆనందరావు గారు కెమెరా వైపు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఆ ఫొటో ఎవరూ తియ్యలేదు.

ఆయన పోయి చాలా కాలమైంది. మా వీధిలో ఏ ఇల్లాలినైనా జనం ఆడిపోసుకుంటుంటే, అప్పుడు ఆమె చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేశారని నేను గట్టిగా అడుగుతాను. గొడవలవుతాయి, కానివ్వండి. వయసుతో నా కోపం తగ్గలేదు. ఎవరివైపు తిరగాలో మాత్రం దానికి ఆయన నేర్పి వెళ్ళారు.