సంఘం ఇంట్లో మా అమ్మ

మార్కాపురం బస్టాండులో దిగినప్పుడు, తొలి చినుకులకు తడిసిన రాతిపొడి వాసన ఇప్పటికీ ఒక్కోసారి తగులుతుంది. ఆ వాసనతో పాటు, గనుల్లో పనిచేసి పోయినవాళ్ల భార్యాబిడ్డల కోసం పలకల వ్యాపారుల సంఘం వాళ్లు కట్టించిన పొడవాటి ఇల్లు, దాని పన్నెండు గదులు, ఎండాకాలం వేపపూలు రాలే వాకిలి కళ్ల ముందుకొస్తాయి. నన్ను కన్నప్పుడే అమ్మ పోయింది. పలకరాయి కోసే మా నాయన దగ్గి దగ్గి పోయాడు. నాకప్పుడు ఆరేళ్లు. సంఘం ప్రెసిడెంటు పెద్దశెట్టిగారే నన్ను చేయి పట్టుకుని తెచ్చి అక్కడ చేర్చారు.

ఆడవాళ్లంతా వరండాలో పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంటే, మేం విరిగిన పలక ముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడి, మోకాళ్లు గీరుకుని, జొన్నసంగటి గోంగూరతో తిని, ఉగాదికి శెట్ల ఇళ్ల నుంచి వచ్చే ఓళిగలను నెయ్యి మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ తినేవాళ్లం. నాకు తలంటి జడ వేసేది, చంటిబిడ్డతో కొమరోలు నుంచి వచ్చిన ఈశ్వరమ్మత్త.

ఒక ఎండాకాలం ఆమె బిడ్డ జ్వరంతో పోయాడు. బిడ్డలున్న ఆడవాళ్లకే గది అన్నది సంఘం నియమం. నెల తిరిగాక పెద్దశెట్టిగారు వచ్చి ఆమెను పిలిపించారు.

"మీ అన్నకు కబురు పంపినాం తల్లీ. రేపు వస్తాడు, పోయిరా."

"ఆ ఇంట్లో నాకు తావు లేదు నాయనా," అంది ఆమె, తల వంచుకుని.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు.

"మా అమ్మను ఏడికీ పంపొద్దు తాతా."

అప్పటిదాకా ఆమెను అత్తా అనే పిలిచేదాన్ని. శెట్టిగారు నన్ను కాసేపు చూసి, "ఏమ్మా, ఈ పిల్ల నీ బిడ్డేనా?" అని ఆమెను అడిగారు.

ఆమె నన్ను పక్కకు లాక్కుని నా నెత్తి మీద చేయి పెట్టింది.

"నా బిడ్డే నాయనా."

"అట్లయితే పోయేదేంది, ఉండు," అని ఆయన లేచారు.

ఆ సాయంత్రమే, అప్పటిదాకా వరండాలో పరుచుకునే నా చాప ఆమె గదిలోకి మారింది. ఆమె నన్ను చదివించింది, పెళ్లి చేసింది, చివరికి నా ఇంట్లోనే కన్నుమూసింది.

పలకల పని తగ్గాక ఆ ఇల్లు మూతపడింది. పోయిన నెల వెళ్లి చూస్తే చదును చేసిన నేల, ఒక మూల ఇటుకల గుట్ట, చుట్టూ కొత్త ప్రహరీ. కాపలా మనిషి గేటు అవతల నుంచి, "ఎవరి కోసం వచ్చినారమ్మా?" అన్నాడు.

"మా పుట్టిల్లు చూసుకుందామని వచ్చినా నాయనా," అన్నాను.

అతను వెనక్కి తిరిగి ఆ ఖాళీ నేలను ఒకసారి చూసి, గేటు తీశాడు.