తాతయ్య పడుకున్నారట

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఫోన్ ఎత్తే పని నాది. న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో, రెండో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. పొద్దున ఆరుంబావుకి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి వచ్చేది. నాన్న మందుల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు కాబట్టి అమ్మ వచ్చేసరికి ఆయన ఉండేవాడు కాదు. చెల్లికి మూడేళ్ళు, నాకు పదకొండు.

1980లో మా తెలుగు చర్చివాళ్ళు క్రిస్మస్‌కి నాటకం వేయాలనుకున్నారు. అప్పటికి మేం ఇరవై మూడు కుటుంబాలం. ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకునేవాళ్ళం. నాటకం రాసిందీ, నేర్పిందీ పాస్టరుగారే. అమ్మకు సత్రం యజమాని భార్య వేషం ఇచ్చారు. నిండు గర్భిణితో వచ్చి తలుపు తట్టిన మనిషిని, నడుంమీద చెయ్యి పెట్టుకుని, చోటు లేదు పొమ్మని తగువాడే గయ్యాళి వేషం అది. ఇంట్లో ఏనాడూ గొంతు పెంచని మా అమ్మ అక్కడ చెయ్యి తిప్పుతూ అరుస్తుంటే అందరూ పడి పడి నవ్వేవాళ్ళు. శనివారం రిహార్సల్‌కి మమ్మల్ని కూడా తీసుకెళ్ళేది. మంగళ, గురువారాల్లో సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా నేను చెల్లిని చూసుకోవాలి.

అమ్మకు మాటలు బట్టీ పట్టడానికి వేరే సమయం ఉండేది కాదు. పప్పుకి తాలింపు పెడుతూ అప్పజెప్పేది. నేను కాగితం పట్టుకుని పక్కన నిలబడేదాన్ని. మొత్తం పదిహేడు సంభాషణలు. ఒక్క మాట మారినా ఆపేదాన్ని.

"అర్థం ఒకటేగా తల్లీ, పోనీవే."

"నో అమ్మా. పేపర్‌లో అలా లేదు."

"నీకంటే పాస్టరుగారే నయం," అని నవ్వి మళ్ళీ మొదటినుంచీ చెప్పేది.

డిసెంబరు రెండో తేదీ మంగళవారం సాయంత్రం ఆరూ యాభైకి ఫోన్ మోగింది. ఇండియా నుంచి మావయ్య, అంటే అమ్మ తమ్ముడు. ఊళ్ళో డాక్టరుగారింటి నుంచి రాత్రి ట్రంకు కాల్ బుక్ చేస్తే అప్పటికి దొరికిందట. గరగరమని చప్పుడు. నా మాట నాకే తిరిగి వినిపిస్తోంది. అమ్మ లేదన్నాను. మావయ్య, "తాతయ్య ప్రభువునందు నిద్రించారమ్మా. అమ్మకి చెప్పు. మధ్యాహ్నం పన్నెండింటిదాకా ఇక్కడే ఉంటాను, ఫోన్ చెయ్యమను," అన్నాడు. లైన్ తెగిపోయింది.

మావయ్య ఉత్తరాలన్నీ 'ప్రభువునందు ప్రియమైన అక్కకు' అనే మొదలయ్యేవి. మా చర్చిలో ఎవరు కనిపించినా ప్రభువు పేరుతోనే వందనం చెప్పేవాళ్ళు. కాబట్టి ఆ మాటను నేను మర్యాద కింద లెక్కేసుకున్నాను. మిగిలింది నిద్ర. వేళ్ళు మడిచి పదిన్నర గంటలు కలిపి చూశాను. అక్కడ తెల్లవారుజామున అయిదూ ఇరవై. ఆ వేళప్పుడు తాతయ్య నిద్రపోతూ ఉండడంలో నాకేమీ తేడా కనిపించలేదు.

అమ్మ తొమ్మిదికి పది నిమిషాలుండగా వచ్చింది. చెప్పులు విప్పుతుంటే చెప్పాను.

"మావయ్య కాల్ చేశాడు. తాతయ్య పడుకున్నారట. నిన్ను కాల్ చెయ్యమన్నాడు."

"పడుకుంటే నాకు ఫోనెందుకే వీడికి?" అని నవ్వింది అమ్మ. "చలికాలం కదా, మళ్ళీ ఆయాసం వచ్చుంటుంది. నిద్ర పట్టిందని చెప్పుంటాడు. నాకు పొద్దున డ్యూటీ. ఆదివారం చేద్దాంలే."

అప్పటికి మావయ్య చెప్పిన గడువు ఇంకా నాలుగు గంటల నలభై నిమిషాలుంది. ఈ లెక్క నేను తరవాత చాలాసార్లు వేశాను. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తుంది.

శనివారం రిహార్సల్‌కి వెళ్ళగానే పాస్టరుగారు ఎదురొచ్చి, "రావద్దనే చెబుదామనుకున్నానమ్మా. మీ నాన్నగారి సంగతి నిన్ననే తెలిసింది. భూస్థాపన బుధవారం సాయంత్రమే అయిపోయిందటగా," అన్నారు.

అమ్మ ఆయన వంక చూసింది. తరవాత నావంక తిరిగింది. నా ముందు మోకాళ్ళమీద కూర్చుని, చాలా మెల్లగా, "మావయ్య ఏమన్నాడో ఆ మాటే చెప్పు," అంది. చెప్పాను. చెప్పగానే అమ్మ మొహం చూసి నేనేదో చేశానని అర్థమైంది. ఏం చేశానో మాత్రం అర్థం కాలేదు. చనిపోవడాన్ని మావాళ్ళు ప్రభువునందు నిద్రించడం అంటారని తరవాతే తెలిసింది. అమ్మ నా కోటు బొత్తాలు ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ పెట్టింది. బేస్‌మెంట్లో అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

లేచి పాస్టరుగారితో, "నాకు మంగళవారమే తెలుసండీ. మా అమ్మాయి చెప్పింది. నేనే ఫోన్ చెయ్యలేకపోయాను," అంది.

ఆయన వేషం మానేయమన్నారు. పద్నాలుగు రోజుల్లో ఇంకొకరు నేర్చుకోవడం కష్టమని ఆయన మొహంలోనే కనిపిస్తోంది. అమ్మ మానలేదు. ఇరవయ్యో తేదీన వేదికమీద నడుంమీద చెయ్యి పెట్టుకుని, పదిహేడు సంభాషణలూ ఒక్క మాట మారకుండా చెప్పింది. జనం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నేను మూడో వరసలో చెల్లిని ఒళ్ళో పెట్టుకుని, నవ్వాలో వద్దో తెలియక కూర్చున్నాను.

ఆ నాటకం సంగతి ఎవరో ఊరికి రాశారు. తండ్రి పోయిన కబురు తెలిసీ ఫోన్ చెయ్యలేదు, పైగా అదే నెలలో నలుగురినీ నవ్వించింది అని. మావయ్య నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. అమ్మ నెలకొకటి రాసేది. పంతొమ్మిది ఉత్తరాలకు జవాబు లేదు. నిజం నేను రాస్తానని ఏడ్చాను. అమ్మ కాగితం తీసేసుకుంది.

"వాడికి నామీద కోపమైతే అక్కని కాబట్టి ఎప్పటికో తగ్గుతుంది. నీమీద పెట్టుకుంటే రేపు వాడి ముందు ఎలా తిరుగుతావే? ఊరుకో."

1986 జూన్‌లో మొదటిసారి ఊరికి వెళ్ళాం. అప్పటికి నాకు పదిహేడు. మావయ్యకు చెప్పాల్సిన వాక్యాన్ని తెలుగులో తయారు చేసుకున్నాను. నా తెలుగులో మాటల చివర్లు సరిగా పడేవి కావు కనక విమానంలో, రైల్లో పదే పదే అనుకున్నాను: 'ఆ రోజు అమ్మకి నేను మాట మార్చి చెప్పాను మావయ్యా, అమ్మకి తెలియదు.' మావయ్య స్టేషన్‌కి వచ్చాడు. నా తల నిమిరి, "ఎంత ఎదిగావే," అన్నాడు. అమ్మను మాత్రం ప్రయాణం బాగా జరిగిందా అని, బయటివాళ్ళను అడిగినట్టు అడిగాడు.

మూడో రోజు భోజనాల దగ్గర నోరు తెరిచాను. "మావయ్యా, ఆ రోజు..." అన్నాను. అమ్మ తలెత్తకుండానే, "మావయ్యకి పెరుగు వెయ్యి," అంది. లేచి వేశాను. ఉన్న ఇరవై ఆరు రోజుల్లో మళ్ళీ ఆ ధైర్యం రాలేదు. తరవాతి ఏడాది మావయ్య గుండెపోటుతో పోయాడు.

ఒకరి తప్పును ఇంకొకరు చప్పుడు చేయకుండా తమమీద వేసుకోవచ్చని అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. అలా వేసుకున్నాక, తప్పు చేసినవాళ్ళకు దాన్ని తిరిగి తీసుకునే దారి ఉండదని కూడా అక్కడే తెలిసింది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు నన్ను ఆపేవాళ్ళు లేరు, వినాల్సిన మనిషీ లేడు. ఆ వాక్యం మాత్రం నాకు ఒక్క అక్షరం తప్పు పోకుండా వచ్చు.