రాజు వేషానికి గొంతు పరీక్ష

2003లో కంబదూరు పక్కన ఒక పల్లెవాళ్లు ఉగాదికి పద్యనాటకం ఆడించమని నన్ను పిలిపించారు. నా వృత్తి హార్మోనియం. పాడేవాళ్లను ఎంచి, నెలన్నర పద్యాలు నేర్పి, స్టేజీ ఎక్కించడం నా పని. శెనక్కాయ పంట వరసగా పోయిన ఊళ్లో నాటకమెందుకని అడిగాను. వాన కోసమన్నారు. పద్యాలకు మేఘాలు కదలవని అక్కడే చెప్పాను.

"మేఘాలు కదలకపోతే పోనీ అయివారూ, మనుషులన్నా కదుల్తారు" అన్నాడు ఊరి పెద్ద. ఆ జవాబు నచ్చి ఒప్పుకున్నాను.

ఆడిషన్‌ను అక్కడ గొంతు పరీక్ష అంటారు. బడి వరండాలో చాప పరిచి, ఊరంతా చూస్తుండగా పెడతారు. రాజు వేషానికి ఇద్దరు వచ్చారు. మూడేళ్లుగా ఆ వేషం నారాయణప్పది. అతను రాగం తీస్తే పక్క ఊళ్లవాళ్లు కూడా వన్స్ మోర్ అని పట్టుబట్టేవాళ్లట. రెండోవాడు ఓబులేసు, పద్యానికి కొత్త.

నారాయణప్పకు ఐదు శ్రుతి పట్టాను. శ్రుతి అంటే పాడేవాడు ఆధారంగా నిలబడే స్వరం. అతని స్వరం వెంట్రుకవాసి తప్పలేదు. కానీ పద్యం చివర సాగదీయాల్సిన రాగం సగంలో తెగి, దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తుకుంటే అదే చోట తెగింది. మూడోసారికి మెడ నరాలు ఉబ్బి, పెదాలు నల్లబడ్డాయి. గొంతు చెడితే స్వరం జారుతుంది. స్వరం నిలిచి ఊపిరి చాలలేదంటే తప్పు గొంతులో లేదు. మా వృత్తిలో ఇది మొదటి పాఠం. అది నా చెవికి తెలిసింది, నోటిదాకా రాలేదు. సాధన తగ్గిందని చెప్పి వేషం ఓబులేసుకిచ్చాను.

మర్నాడు ఊరు భగ్గుమంది. వేషం కోసం ఓబులేసు తన మొగుడికి మందు పెట్టినాడని నారాయణప్ప భార్య లక్ష్మీదేవి వీధిలో నిలబడి తిట్టింది. తిండిలో ఏదో కలిపి పెడితే మనిషి క్షీణిస్తాడని, దాన్ని కక్కించేవాళ్లుంటారని అక్కడి నమ్మకం. ఓబులేసును కొట్టడానికి కట్టెలు కూడా తెచ్చారు.

నాకు కావలసిన యుద్ధం దొరికింది. జనాన్ని బడి ముందు కూర్చోబెట్టి గంటసేపు వాదించాను. ఆ మందు పేరేమిటి? పెడుతుంటే చూసినదెవరు? గొంతును మాత్రమే వెతుక్కుని పోయే మందు ఉంటుందా? ఓబులేసు ఇంటినుంచి సంగటి తెప్పించి అందరి ముందూ తిన్నాను. నెల తర్వాత నా గొంతు వినమని సవాలు చేశాను. కట్టెలు ఇళ్లకు తిరిగిపోయాయి. ఒక నిరపరాధి దెబ్బలు తప్పించుకున్నాడు. అది నిజం.

అందరూ లేచిపోయాక నారాయణప్ప హార్మోనియం పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మందు పెట్టలేదని బాగా చెప్తివి అయివారూ. నేనూ నమ్మినా. మరి నాకేమైండాది?"

గొంతుకు విశ్రాంతినిచ్చి మిరియాల కషాయం తాగమన్నాను. గంటసేపు ఊరిని రుజువులడిగిన నోటితోనే ఆ మాటా అన్నాను.

ఉగాదికి నాటకం బాగానే నడిచింది. నారాయణప్ప చూడ్డానికి రాలేదు. ఎండాకాలం చివర అతను అనంతపురం పెద్దాసుపత్రిలో ఉన్నాడని విని వెళ్లాను. పంటలు పోయినప్పటినుంచి కంకర మిషన్ దగ్గర కూలికి పోతున్నాడని అప్పుడు తెలిసింది. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకుందని, మాన్పే వైద్యం లేదని డాక్టరు ఎక్స్‌రే చూపించాడు. ఉగాదికి ముందే ఆ పని మాన్పించి ఉంటే అని అడిగాను. ఇంకొన్నేళ్లు బతికేవాడేమో అన్నాడు.

ఆ నెలలోనే నారాయణప్ప పోయాడు. పలకరించడానికి వెళితే లక్ష్మీదేవి ఏడవలేదు.

"మందు పెట్టినారనుకునింటే కక్కించేదానికన్నా యాడికో ఒకచోటికి పిల్చుకపోయిందును. నువ్వు ఏమీ లేదంటివి. తెల్లారినాక మళ్లా మిషన్ కాడికి పోయినాడు."

నేను లేదన్నది మందు మాత్రమే. జబ్బే లేదని ఆ ఇల్లు విన్నది. అలా వినడం వాళ్ల తప్పు కాదు. ఆ నమ్మకం అబద్ధమని ఇవాళా అంటాను, ఎక్కడైనా అంటాను. కానీ వాళ్ల చేతిలోని అబద్ధాన్ని లాక్కుని, ఆ చెయ్యి ఖాళీగా వదిలేశాను. కారణం వెతక్కుండానే హేతువాదినని అనిపించుకున్నాను.

ఇప్పుడు ఎవరి రాగమైనా మధ్యలో తెగితే, తీర్పు చెప్పే ముందు ఏం పని చేస్తావని అడుగుతాను. మూడేళ్ల కిందట గుమ్మఘట్ట దగ్గర ఒకతను కంకర మిషన్ అన్నాడు. పరీక్ష అక్కడే ఆపి, అతనితో పాటు అనంతపురం బస్సెక్కాను.