యాకూబన్న ర్యామ్ దొంగ కాదు

యాకూబన్న సమాధి మీద మట్టి ఇంకా తడి ఆరలేదు. అప్పుడే మన ఖమ్మం గ్రూప్‌లో, ఆయన పోయాడన్న పోస్ట్ కింద ఒకాయన కామెంట్ పెట్టాడు.

"మంచోడే. కాకపోతే రిపేర్‌కిస్తే నా కంప్యూటర్‌ల కొత్త ర్యామ్ పీకి పాతది పెట్టిండు."

కింద నవ్వు ఎమోజీలు. పొద్దున దండం ఎమోజీ పెట్టిన వేళ్లే అవి.

నిన్న ఫోన్ వచ్చింది. యాకూబన్నకు హార్ట్ ఎటాక్, దవాఖానాకు పోయేలోపే అయిపోయింది అన్నారు. నమ్మక ఆయన నంబర్‌కే చేశాను. ఆయన భార్య, మా భాభీ ఎత్తింది. ఆమె ఏడుపు విని ఫోన్ పెట్టేశాను.

ఇప్పుడు మాట్లాడతాను.

తొంభైల చివర. నేను భద్రాచలంలో ఒక డీటీపీ సెంటర్‌లో ఆపరేటర్‌ని. ఏ కోర్సూ చేయలేదు, కీబోర్డు నాకు నేనే నేర్చుకున్నాను. దసరాకు ముదిగొండలో మా ఇంటికెళ్లి, తిరిగొచ్చి సెంటర్‌లో కంప్యూటర్ స్విచ్ వేశాను.

ఫ్యాన్ తిరుగుతోంది. లైట్ వెలిగింది. స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. లోపల్నుంచి ఆగకుండా బీప్... బీప్... ర్యామ్ లేకపోతే వచ్చే చప్పుడు.

కస్టమర్ల ముందే ఓనర్ నా కాలర్ పట్టుకున్నారు.

"ర్యామ్ పీకి అమ్ముకుని పండక్కి పోయావేంట్రా?"

ఆ మాట బయటికి పాకితే నన్ను ఇంకే షాపులోనూ గడప తొక్కనివ్వరు.

ఖమ్మం నుంచి రిపేర్‌కు యాకూబన్నను పిలిపించారు. అప్పటిదాకా ఆయనెవరో నాకు తెలియదు. మర్నాడు ఆయన వచ్చేసరికి, ఏం తేలుతుందో చూద్దామని ఆ కస్టమర్లే మళ్లీ వచ్చి, జరిగింది ఆయన చెవిన వేశారు. "తీసుకెళ్లి బాగుచేసి పంపవయ్యా" అన్నారు ఓనర్.

"తీస్కపోను సేట్. మీ ముంగట్నే ఇప్పుతా. కుర్చీ ఏస్కొని కూసోండి."

అది ఆయన పద్ధతి. ఎవరి మెషీనైనా సరే, వాళ్లు ఎదురుగా కూర్చుంటేనే డబ్బా తెరిచేవాడు. పనుంది పోవాలి అంటే, "అయితే పనైనంక రా" అని మెషీన్‌తో సహా తిప్పి పంపేవాడు.

ముందు మానిటర్ వైరు ఊడదీసి గట్టిగా పెట్టాడు. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. కార్డులు ఒక్కొక్కటీ తీసి టవల్ మీద వరుసగా పరిచాడు. ఆఖరున ర్యామ్ పీకి పైకెత్తాడు.

ర్యామ్ ఉంది.

దాని మీద గంధం ఉంది. కుంకుమ బొట్టూ ఉంది!

అందరం ఓనర్ వైపు చూశాం.

"ఆయుధ పూజ కదండీ, వీడు ఊరెళ్లకముందే చేశాను... డబ్బాకి పెడితే ఏం లాభం, అసలు యంత్రం లోపలుంటుంది కదా అని..."

"పీకి, బొట్టు పెట్టి, మళ్ల గుచ్చిన్రా?"

"గుచ్చాననే అనుకున్నానయ్యా."

"దేవుడు నిజంగనే సల్లగ సూశిండు సేట్. బోర్డు కాలలే."

షాపంతా గొల్లున నవ్వింది. ఎండిన గంధాన్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, అది కూర్చునే స్లాట్‌ను బ్రష్‌తో దులిపి, ర్యామ్ సరిగ్గా గుచ్చి స్విచ్ వేశాడు. ఒకే ఒక్క బీప్. స్క్రీన్ మీద అక్షరాలు.

ఓనర్ టీ తెప్పించారు. యాకూబన్న ముట్టుకోలేదు.

"డిస్‌ప్లే అయితే వచ్చింది. ఈ పోరగాన్ని దొంగ అన్నరట గదా, ఆ మాట వాపస్ తీస్కోండి."

"ఏదో కోపంలో అన్నాలే. వాడికి తర్వాత చెప్తాను."

"తర్వాతేంది? ఈళ్ల ముంగట్నే గదా అన్నది. ఈళ్ల ముంగట్నే చెప్పున్రి. జల్దీ, టీ సల్లారుతాంది."

ఓనర్ కస్టమర్ల మొహాలు చూశారు. నా మొహం చూశారు. "తప్పు నాదే. వీడు తీయలేదు" అన్నారు.

అప్పుడు గ్లాసు అందుకున్నాడు యాకూబన్న.

ఆ తర్వాత ఖమ్మంలో ఆయన షాపులోనే పనిచేశాను, చాలా ఏళ్లు. ఎవరూ ఎదురుగా లేకుండా ఒక్క స్క్రూ విప్పడం నేను చూడలేదు.

కామెంట్ పెట్టిన పెద్దమనిషీ, ఆయన నీ మెషీన్ విప్పుతుంటే నువ్వెక్కడ కూర్చున్నావు? ఏం చూశావు?

రేపు శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యేలోపు జవాబు కావాలి. చూసింది ఉంటే ఇదే గ్రూప్‌లో రాయి. లేకపోతే ఇదే గ్రూప్‌లో భాభీకి క్షమాపణ చెప్పు. నాకు విడిగా మెసేజ్ పెట్టొద్దు. డిలీట్ చేసి తప్పించుకోవద్దు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టాను.

యాకూబన్నా, అల్లా నీకు నిమ్మళం ఇవ్వాలి. నువ్వు పడుకో. దీని సంగతి నేను చూస్తాను.