అయిదేండ్ల పెద్ద

నిజాం పాలన పోయిన మరుసటి ఏడు, ఇకమీద దేశానికి పెద్దయిన రాష్ట్రపతి అయిదేండ్లే ఉంటాడని నేను పత్రికలో చదివి వినిపించగానే మా నాయన ముఖం పాలిపోయింది. పాన్‌గల్‌లో మా చెలక భూమికి వనపర్తి సంస్థానం రాజు ఇచ్చిన కాగితమే ఆధారం. గద్దె మీదికి కొత్త రాజు వచ్చినప్పుడల్లా వనపర్తికి నడిచిపోయి దానిమీద కొత్త ముద్ర వేయించుకోవాలి. తాత ఒక్కసారి పోయాడు, నాయన ఒక్కసారి.

"ఇగ అయిదేండ్లకోసారి పోవాల్నా? యాడికి, ఢిల్లీకా?"

నాకు చిరాకు వేసింది. "నువ్వు పోవుడేంది నాయనా? ఆయనను ఉంచాల్నా, దించాల్నా అనేది మనం ఓట్లేసి పంపినోళ్లే చెప్తరు."

ధైర్యపడతాడనుకున్నాను. ఆయన కాగితాన్ని గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మనం దించుతమని తెల్సినంక, ఆయన మనకు ముద్ర ఎందుకేస్తడు బిడ్డా?"